ఎడమ వైపు చిరుగు

పోస్టరు బొమ్మకి నిలబడడానికి హెన్యా ఒప్పుకున్నది ఒకే ఒక్క షరతు మీద. అదేమంత గొంతెమ్మ కోరిక కూడా కాదు. "కోటు మీద చిరుగు కుడి వైపే ఉండాలి. ఎడమ వైపు చెయ్యి వేశారంటే మీ పెన్సిళ్ళన్నీ విరిచి చేతిలో పెడతాను" అని బొమ్మలు గీసే ఆల్డర్ మొహం మీదే చెప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది.

ఎందుకు చెప్పిందో, ఆమె ఉండే లడ్లో వీధిలో ముక్కు చీదడం రాని పిల్లని అడిగినా చెబుతుంది. యూదుల్లో కన్నవాళ్ళు పోతే కోటు ఎడమ వైపు, గుండె మీద చింపుకోవాలి. పిల్లలో, మొగుడో, తోబుట్టువో పోతే కుడి వైపు. ఆల్డర్‌కి మాత్రం తెలియదు. ఆయనా యూదుడే. కాకపోతే ఊరి పై భాగంలో పెద్ద పెద్ద ఇళ్ళలో ఉండే రకం. ఆ ఇళ్ళలో ఇలాంటివన్నీ తాతల నాడే మరిచిపోయారు.

యుద్ధానికి అది మూడో చలికాలం. అక్కడ, సముద్రానికి అవతల, రష్యా చక్రవర్తి జారు సైన్యం ఊళ్ళకి ఊళ్ళనే ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల మీదికి తోలింది. హెన్యా వాళ్ళ జవిలోవ్‌ని కూడా. ఆ వెనకే జర్మన్లు వచ్చారు. ఎవరు ఏ ఊళ్ళో ఏ కొట్టంలో తలదాచుకున్నారో ఎవరికీ తెలియదు. ఇక్కడ న్యూయార్కులో సహాయ సంఘం వాళ్ళు చందాల కోసం పోస్టర్లు వేయిస్తున్నారు. "నిజమైన మొహం కావాలి" అంటూ ఆల్డర్ కుట్టుపని చేసే షాపులన్నీ తిరిగాడు. బొత్తాల కాజాలు కుట్టే బల్ల దగ్గర హెన్యాని చూసి ఆగిపోయాడు. ముప్పై ఏళ్ళ మనిషి, పెళ్ళి కాలేదు, చెంపలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. వాళ్ళకి కావలసింది అదే.

"పోయిన బిడ్డ కోసం ఏడుస్తున్న తల్లిలా నిలబడాలి. కోటు చిరిగి ఉంటే బాగుంటుంది" అన్నాడు.

తనకి పిల్లలు లేరు. లేని బిడ్డ కోసం కుడి వైపు చింపుకుంటే ఎవరికీ ఏ కీడూ జరగదు. పైగా ఆ పోస్టరు చూసి ఎవరైనా రొట్టె పంపిస్తే, ఆ రొట్టె ముక్క ఏదో ఒక కొట్టంలో తన తండ్రి కాల్మన్ చేతికీ, తల్లి బాష్యా చేతికీ అందవచ్చు. కాల్మన్ రేకుపని చేస్తాడు. జవిలోవ్‌లో ఆయన అతుకు వేయని బిందె లేదు. పద్దెనిమిది నెలలుగా ఆ ఇద్దరి నుంచీ ఒక్క ముక్క రాలేదు. అయినా హెన్యా ప్రతి గురువారం ఉత్తరం రాస్తూనే ఉంది. జవాబు రానంత మాత్రాన మనుషులు పోయినట్టా? పోయారని ఎవరైనా వచ్చి చెప్పేదాకా వాళ్ళు బతికే ఉన్నారు. ఇది హెన్యా లెక్క. ఆ లెక్కకి అడ్డం వచ్చినవాళ్ళెవరితోనూ ఆమె మళ్ళీ మాట్లాడలేదు.

తన ఒక్కగానొక్క గోధుమరంగు కోటుకి కుడి వైపు జేనెడు కుట్టు విప్పి, గుడ్డ వేలాడేసి నిలబడింది. ఆ సాయంత్రమే మళ్ళీ కుట్టేసుకుంది. అంతటితో ఊరుకోక రెండో వారం ప్రెస్సుకి కూడా వెళ్ళింది. అక్కడ అచ్చు వేసే పెద్ద నున్నటి రాయి మీద ఆల్డర్ నల్లటి సుద్దతో బొమ్మ గీస్తున్నాడు. దగ్గరికి పోయి వేలు పెట్టి మరీ చూసుకుంది. రాతి మీద చిరుగు సరిగ్గా కుడి వైపే ఉంది. "సరే" అని వచ్చేసింది.

అదీ ఆమె చేసిన పొరపాటు.

గురువారం పొద్దున పనికి పోదామని మెట్లు దిగేసరికి, ఎదురుగా ఊరగాయ పీపాల వెనక గోడ మీద తనే నిలబడి ఉంది. రెండు చేతులూ చాచి, కళ్ళు గుంటలు పడి, నిలువెత్తున. పైన పెద్ద పెద్ద అక్షరాలు: "బతికున్నవాళ్ళకి రొట్టె." కింద కోటు. కోటు మీద చిరుగు.

ఎడమ వైపు.

హెన్యాకి ముందు నమ్మబుద్ధి కాలేదు. గోడ మీది బొమ్మకి తన చేతులు ఆనించి, ఏది కుడో ఏది ఎడమో చిన్నపిల్లలా సరిచూసుకుంది. సందేహం లేదు. అప్పుడు బొత్తాల మీదికి పోయింది చూపు. పన్నెండేళ్ళుగా కాజాలు కుట్టే మనిషి, ఆ కన్ను మోసపోదు. ఆడవాళ్ళ కోటుకి కాజాలు కుడి వైపు ఉంటాయి. ఈ బొమ్మలో ఎడమ వైపున్నాయి, మగవాళ్ళ కోటులా. అంటే మొత్తం బొమ్మనే తిరగేసి పడేశారు. ఊరందరి ముందూ, వీధి వీధినా, తను కన్నతండ్రి కోసం, కన్నతల్లి కోసం కోటు చింపుకుని నిలబడింది.

ఒళ్ళంతా భగ్గుమంది ఆమెకి.

పీపా వెనక నుంచి దోబ్రిష్ అక్క లేచి వచ్చింది. ఆవిడదీ జవిలోవే. మోచేతుల దాకా ఉప్పునీళ్ళు. ఏమీ అడగలేదు. తడిచెయ్యి నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని హెన్యా భుజం మీద వేసింది.

"లోపలికి రా. ఏదైనా తిను. ఒంట్లో బలం ఉండాలి."

"నాకెందుకు బలం? ఏమైందని?" అంది హెన్యా. "అది తప్పు బొమ్మ అక్కా. తిరగబడింది. బొత్తాలు చూడు, బొత్తాలు."

దోబ్రిష్ బొత్తాలు చూడలేదు. పీపాలో దోసకాయల కేసి చూస్తూ నిలబడింది.

"మా నాన్న నిక్షేపంలా ఉన్నాడు. అమ్మ కూడా. విన్నావా?"

"విన్నాను తల్లీ" అని దోబ్రిష్ వెనక్కి పోయి మూత తీసింది, మళ్ళీ పెట్టింది.

ఆ మనిషికి బుర్ర పని చేయడం లేదనుకుని హెన్యా పైకి పరిగెత్తింది. రేవు నుంచి చేపల వాసన, మెట్ల మీద క్యాబేజీ వాసన, దాని పైన ఇంకో వాసన, గుడ్లు ఉడుకుతున్న వాసన. తను అద్దెకుండే గది తలుపు తీసి ఉంది. ఇంటావిడ పెర్లె పిన్ని కుర్చీ ఎక్కి అద్దం మీద దుప్పటి కప్పుతోంది. కిందన నారింజపళ్ళ పెట్టె ఒకటి బోర్లించి పెట్టింది, చావు ఇంట్లో కూర్చోవడానికి. గుడ్లు కూడా ఆ దుఃఖంలో మొదట తినడానికే.

"దిగు పిన్నీ" అంది హెన్యా.

"ఉండవే. అద్దం కప్పకుండా ఎలా? నాకు ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది? గోడ చూసి తెలుసుకోవాలా నేను? ఇంతకీ నాన్నా, అమ్మా? ఇద్దరూనా? ఎవరు చెప్పారు? ఉత్తరం వచ్చిందా? గుడ్లు ఏడు పెట్టాను, చాలకపోతే..."

"దిగమన్నానా?"

దుప్పటి లాగి పారేసింది. బోర్లించిన పెట్టెని కాలితో తన్నింది. పెర్లె పిన్ని కుర్చీ మీద నుంచి దిగి, నడుం పట్టుకుని, తన్నిన పెట్టె కేసీ హెన్యా కేసీ చూసింది.

"ఎవరూ పోలేదు" అంది హెన్యా. "బొమ్మలవాడు తప్పు గీశాడు. నీ గుడ్లు నువ్వే తిను."

"తప్పు గీస్తే మాత్రం చింపుకోవడం ఏమిటే? ఎంత బొమ్మ కోసమైతే మాత్రం? బతికున్నవాళ్ళకి చింపుకుంటారా ఎవరైనా?"

ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. హెన్యా గిరుక్కున తిరిగి మెట్లు దిగింది. ఆ రోజు పనికి పోలేదు. పోతే పోయిందనుకుని, కోటు జేబులో ఆ వారం ఉత్తరం పెట్టుకుని, తిన్నగా ప్రెస్సుకి నడిచింది. దారి పొడుగునా గోడ గోడకీ తనే. ఒక్కో బొమ్మ దాటుతున్నకొద్దీ ఒక్కో తిట్టు కూడబెట్టుకుంది.

ప్రెస్సులో ఆల్డర్ చేతులు కడుక్కుంటున్నాడు. పక్కన సంఘం పెద్దమనిషి లోవెన్‌హార్ట్, బొచ్చు కాలరు కోటు, బంగారు గొలుసు. హెన్యాని చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇదిగో మన అమ్మ. రండి, రండి. అద్భుతం అనుకోండి. చూసినవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆదివారం సభలో మిమ్మల్ని వేదిక మీద నిలబెడదాం అనుకుంటున్నాం, ఇదే కోటుతో."

"చిరుగు ఎడమ వైపు పడింది" అంది హెన్యా ఆల్డర్‌తో.

ఆల్డర్ తల గోక్కున్నాడు. "అది రాయి గుణం అండీ. రాతి మీద కుడి వైపు గీసింది కాగితం మీద ఎడమ వైపు పడుతుంది. అద్దంలోలాగే."

"మీకు తెలుసా ముందే?"

"తెలుసు. ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు."

"మరి ఆ అక్షరాలు? అవి తిన్నగానే ఉన్నాయే?"

"అక్షరాలు రాసేవాడు తిరగేసి రాస్తాడు. లేకపోతే ఎవరు చదువుతారు? బొమ్మ ఎటు తిరిగితే ఏముంది? బొమ్మని ఎవరూ చదవరు కదా."

"మా వీధిలో చదువుతారు" అంది హెన్యా. "చదివి మా ఇంట్లో అద్దం కప్పేశారు. గుడ్లు ఉడకబెట్టారు. పైన బతికున్నవాళ్ళు అని రాసి, కింద నా చేత మా అమ్మానాన్నల్ని పూడ్పించారు. మూడుసార్లు చెప్పాను మీకు. మూడుసార్లు. చెవుల్లో సుద్ద పెట్టుకున్నారా?"

లోవెన్‌హార్ట్ గొంతు సవరించుకున్నాడు. "చూడండమ్మా, పదివేలు అంటించేశాం. ఇప్పుడు మార్చడం కుదరదు. అయినా ఎటు చిరిగితే ఏం, దుఃఖం దుఃఖమే. ఇదంతా మీవాళ్ళ కోసమే కదా? మీ నాన్నగారికి రొట్టె ముఖ్యమా, చిరుగు ముఖ్యమా?"

"మా నాన్న ముందు బతికుంటే కదా అయ్యా రొట్టె తినేది? ఆయన్ని చంపేసి ఆయన పేరు మీద ముష్టి ఎత్తుతున్నారు మీరు."

ఆ పెద్దమనిషికి ఎవరూ ఇంతకుముందు అలా చెప్పి ఉండరు. గొలుసు సర్దుకుని, "అలిసిపోయినట్టున్నారు" అని ఆల్డర్‌తో ఏదో గొణిగి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆల్డర్ మాత్రం అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి మూల నుంచి, అచ్చు చెడిపోయిన పోస్టర్లు ఒక చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. పక్కన బంక డబ్బా, కుంచె పెట్టాడు.

"కోటు రంగు ఇందులో అంతా ఒకటే. కత్తిరించి అతికిస్తే కనబడదు" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

హెన్యా కత్తెర అందుకుంది. అచ్చం కోటుకి మాసిక వేస్తున్నట్టే, చిరుగు కొలత తీసి, గోధుమరంగు ముక్కలు ముప్పై దాకా కత్తిరించింది. థాంక్స్ మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

మధ్యాహ్నమంతా రివింగ్టన్ వీధి మొత్తం తిరిగింది. పోస్టరు దగ్గర ఆగడం, బంక పూయడం, ముక్క అంటించడం, అరచేత్తో నొక్కడం. ఒక్కో మాసికతో ఒక్కోసారి తండ్రినీ తల్లినీ గోతిలోంచి పైకి లాగుతున్నట్టే ఉంది ఆమెకి. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. తోపుడుబండి మీద సాక్సులు అమ్మేవాడు ఒకడు నవ్వాడు.

"ఏమ్మా, గుడ్డలకి కుట్టింది చాలక కాగితాలకి కూడా కుడుతున్నావా?"

"నీ నోటికి కూడా ఓ ముక్క మిగిల్చాను. రా."

వాడు బండి తోసుకుపోయాడు. ఆ వెనకే దర్జీ శ్మెర్ల్ వచ్చాడు. జవిలోవ్‌లో వాళ్ళ పక్కిల్లు. చిన్నప్పుడు ఆమెకి సూదిలో దారం ఎక్కించడం నేర్పినవాడు. పోస్టరు చూశాడు, కుంచె చూశాడు, హెన్యాని చూశాడు. తల వంచుకుని వీధి దాటి అవతలి గట్టున నడిచిపోయాడు. పలకరించనైనా లేదు.

హెన్యా చేతిలో కుంచె అలాగే ఆగిపోయింది. పెర్లె పిన్ని ఎవరు చెప్పారని అడిగింది, ఉత్తరం వచ్చిందా అని అడిగింది. ఆవిడది జవిలోవ్ కాదు. దోబ్రిష్ అడగలేదు. శ్మెర్ల్ అడగలేదు. వీళ్ళ మనుషులూ అక్కడే ఉన్నారు కదా? కాల్మన్‌కి ఏమైందో తెలిస్తే తమవాళ్ళకి ఏమైందో తెలుస్తుందని మీద పడి అడగొద్దూ? ఏం మనుషులు వీళ్ళు, గోడ మీద బొమ్మ వేసి చంపేస్తే అవునా కాదా అనైనా అడగరా? ఆ కోపం మీదే ఆ వీధిలో మిగిలిన నాలుగు పోస్టర్లూ చకచకా అతికించేసింది.

నాలుగు కావస్తుండగా జవిలోవ్ వాళ్ళ ప్రార్థన మందిరానికి వచ్చింది. పేరుకే మందిరం. కిందింట్లో ఒక పొడుగాటి గది, ఇరుకు తలుపు, తలుపు ముందు రెండు రాతి మెట్లు. తలుపు పక్కనే పోస్టరు. గురువారాలు ఎలాగూ ఇక్కడికే వస్తుంది ఆమె. ఉత్తరం రాయడం వచ్చు గాని, జర్మన్ల తపాలాకి అడ్రసు వాళ్ళ లిపిలో రాయాలి. ఆ పని మందిరం చూసుకునే ముసలాయన, అందరూ గౌరవంగా రెబ్ అని పిలిచే అజ్రియెల్ చేస్తాడు. ఎక్కడున్నా వెతికి ఇస్తారని సంఘం ద్వారా ఆయనే పంపిస్తాడు. ప్రతి గురువారం ఉత్తరం తీసుకుని, గడ్డం నిమురుకుని, "దేవుడు చూస్తాడులే" అంటాడు.

హెన్యా బంక పూసి ముక్క అంటిస్తుండగా తలుపు తీసుకుని ఆయన బయటికి వచ్చాడు. అతుకు వేసిన చోటు కేసి కాసేపు చూశాడు.

"హెన్యా, అమ్మా" అన్నాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"ఏమిటి చెప్పేది?"

"పొద్దున పోస్టరు చూసినప్పటి నుంచీ మనసు మనసులో లేదు నాకు. ఎవరూ చెప్పొద్దని మరీ మరీ చెప్పాను. దోబ్రిష్ నోరు జారిందా? శ్మెర్లా?"

హెన్యా కుంచెని డబ్బాలో పెట్టింది. డబ్బాని మెట్టు మీద పెట్టింది. బంక అంటిన చేతులు కోటుకి తుడుచుకుంది. ఇవన్నీ చాలా నిదానంగా చేసింది, అవి అయిపోతే తరవాత వినాల్సింది ఒకటే మిగులుతుంది కాబట్టి.

"మీరు చెప్పండి" అంది.

అప్పుడు అర్థమైంది ముసలాయనకి, ఆమెకి ఎవరూ చెప్పలేదని. గుమ్మానికి ఆనుకున్నాడు. ఇక మింగడానికి లేదు, కక్కడానికి లేదు.

"విల్నా నుంచి ఉత్తరం వచ్చింది. మన కొత్త సంవత్సరం పండగ ముందు, ఆకులు రాలే రోజుల్లో. అక్కడ కొట్టాల్లో పోయిన మన ఊరివాళ్ళ పేర్లు. విషజ్వరం అమ్మా. మీ నాన్న ముందు. అయిదు రోజులకి మీ అమ్మ. పక్కపక్కనే పెట్టారట."

"కొత్త సంవత్సరం ముందు" అంది హెన్యా. "మూడు నెలలు."

"ఆచారం ఉందమ్మా. చావు కబురు చెప్పి తీరాలని లేదు. చెప్పకపోతే తప్పు లేదు. తెలియనంత కాలం మనిషి సుఖంగా ఉంటుంది కదా అని..."

"జాబితాలో ఇంకెవరున్నారు?"

"శ్మెర్ల్ వాళ్ళ నాన్న. దోబ్రిష్ మరిది. ఇంకా ఎనిమిది మంది."

"శ్మెర్ల్‌కి చెప్పారా?"

"చెప్పకుండా ఎలా? కొడుకు కదా. తండ్రి కోసం రోజూ కద్దీష్ ప్రార్థన చెప్పుకోవాలి. కొడుకులున్నవాళ్ళందరికీ ఆ రోజే చెప్పాను. నీకు ఒక్క అన్నో తమ్ముడో ఉంటే వాడికీ చెప్పేవాణ్ణి. మీ నాన్నకి లోటు చేయలేదమ్మా, నేనే చెబుతున్నాను ఆయన పేరు మీద, మూడు పూటలా."

"నేను కూతుర్ని. కద్దీష్ చెప్పను. కాబట్టి నాకు నాన్న పోనక్కరలేదు."

"అలా కాదు తల్లీ..."

"ఆ ఉత్తరం వచ్చేటప్పటికి వాళ్ళు పోయి నెల దాటిందా?"

ఆయన తలుపు వైపు తిరిగాడు.

"దాటిందా అంటున్నాను."

"ఇరవై ఆరో రోజు" అన్నాడు అజ్రియెల్, దాదాపు వినబడకుండా. "అప్పుడు చెబితే నువ్వు ఏడు రోజులు కింద కూర్చోవాలి. షాపుల్లో పని జోరుగా సాగే సీజను. మీ మేస్త్రీ ఒక్క రోజు ఊరుకుంటాడా? ఉద్యోగం పోయేది. నెల దాటితే అంతా తేలిక. చెప్పులు విప్పి ఒక్క గంట కూర్చుంటే సరిపోతుంది. నీ మంచికే చేశానమ్మా. నా కూతురికైనా అలాగే చేసేవాణ్ణి."

పొద్దున్నుంచీ ఆమె ఎవరెవరి మీదో కోపం ఖర్చు పెట్టుకుంది. రాయి మీద, ఆల్డర్ మీద, బంగారు గొలుసు మీద, గుడ్లు ఉడకబెట్టిన పిన్ని మీద. ఇప్పుడు తెలిసింది అదంతా వృథా అని. పోస్టరు అబద్ధం ఆడలేదు. లడ్లో వీధిలో ఆమెతో నిజం చెప్పింది అదొక్కటే. అది కూడా పొరపాటున. ఊరు ఊరంతా మూడు నెలలుగా ఆమెని చూసి నవ్వింది, దోసకాయలు కొసరు వేసింది, దేవుడు చూస్తాడులే అంది. ఏడు రోజులు కన్నవాళ్ళ కోసం నేల మీద కూర్చునే హక్కు, అడుక్కుతినేదానికి కూడా ఉండే హక్కు, మంచి పేరు చెప్పి కోసేశారు. ఒక గంట ముక్క మిగిల్చారు.

"నా ఉత్తరాలు ఏం చేశారు?" అంది.

ముసలాయన లోపలికి పోయి, ధర్మగ్రంథాల అల్మరాలోంచి ఒక కట్ట తెచ్చాడు. పదకొండు. పండగల వారాలు పోగా గురువారాలన్నీ ఉన్నాయి. వాటి మీద ఆయన చేతిరాతతో అడ్రసు కూడా ఉంది. ఉత్తరం తీసుకుని, ఆమె చూస్తుండగా, చచ్చిపోయిన మనిషికి అడ్రసు రాశాడు. ఒక్కసారి కాదు, పదకొండుసార్లు.

"పారేయలేదమ్మా. భద్రంగా పెట్టాను."

హెన్యా జేబులోంచి పన్నెండో ఉత్తరం తీసి ఆ కట్ట మీద పెట్టింది. "దీనికీ రాయండి అడ్రసు. మీకు అలవాటే కదా."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చూసింది. జాలి కలగలేదు. కలగకపోవడం చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

అజ్రియెల్ జేబులోంచి చిన్న చాకు తీశాడు. చిరుగుకి ముందు పెద్దవాళ్ళు గాటు పెట్టి ఇవ్వడం పద్ధతి. ఆయన చెయ్యి తన కోటు దగ్గరికి రాగానే హెన్యా దాన్ని పక్కకి కొట్టేసింది. చాకు మెట్ల మీద పడింది.

"మీ చెయ్యి వద్దు" అంది.

రెండు చేతులతో ఎడమ వైపు అంచు పట్టుకుని లాగింది. చిరగలేదు. తన కోటు, తనే కుట్టుకున్నది. లోపల గట్టి కాన్వాసు, జంట కుట్టు, పదేళ్ళు ఉండాలని కుట్టింది. మళ్ళీ లాగింది. వేళ్ళు తెల్లబడ్డాయి గాని దారం కదల్లేదు. తల వంచి పళ్ళతో కొరికింది. నోట్లో ఉన్నీ రుచి, బంక రుచి. పోగు తెగింది. అప్పుడు లాగితే చిరిగింది, గుండె దాకా, వీధి చివర వినబడేంత చప్పుడుతో. దర్జీలు ఎరుగుదురు ఆ చప్పుడు.

తరవాత గోడ మీది పోస్టరు నుంచి, ఇంకా తడి ఆరని గోధుమరంగు ముక్కని గోటితో ఊడబీకి పారేసింది.

అప్పటికే సాయంకాలపు ప్రార్థనకి మగవాళ్ళు వస్తున్నారు. చలికాలం పొద్దు, అరగంటలో గుంకిపోతుంది. గుంకేలోగా ప్రార్థన అయిపోవాలి. శ్మెర్ల్ వచ్చాడు. దోబ్రిష్ మొగుడు వచ్చాడు. బేకరీ నుంచి, దర్జీ షాపుల నుంచి ఒకరొకరే వచ్చి, మెట్ల ముందు ఆగారు. కోటు చూశారు. అజ్రియెల్ మొహం చూశారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

హెన్యా వంగి జోళ్ళు విప్పింది. పక్కపక్కన పెట్టింది. మేజోళ్ళ కాళ్ళతో వెళ్ళి గుమ్మం మీద, సరిగ్గా తలుపుకి అడ్డంగా, చల్లటి రాతి మీద కూర్చోబోయింది. ఆయన దగ్గరున్న ఉత్తరాల కట్ట లాక్కుంది.

"లోపల ఆడవాళ్ళ వైపు కూర్చో అమ్మా" అన్నాడు అజ్రియెల్. "పొయ్యి ఉంది. ఇక్కడ మంచు."

"నాకు మిగిల్చింది గంట" అంది హెన్యా. "అది ఎక్కడ కూర్చోవాలో నేను చూసుకుంటాను. మూడు నెలలు నన్ను నిలబెట్టారు. మీరు ఒక్క గంట నిలబడండి."

కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఆ రోజు వాళ్ళతో అన్న ఆఖరి మాట అదే.

తలుపు ఇరుకు. చావు దుఃఖంలో కూర్చున్న మనిషిని దాటుకుని ఎవరు వెళతారు? ఇరవై మంది దాకా మగవాళ్ళు, టోపీలు చెవుల మీదికి లాక్కుని, కాళ్ళు తాటించుకుంటూ వీధిలో నిలబడ్డారు. గోడ మీద ఎండ పైకి పాకి, మూడో అంతస్తు కిటికీల దాకా పోయి, ఆరిపోయింది. ఆ పూట ప్రార్థన పోయింది. ఎవరో దగ్గారు. శ్మెర్ల్ ఒక అడుగు ముందుకి వేసి, ఏదో అనబోయి, ఆగిపోయాడు.

ఆగక ఏం చేస్తాడు? అదీ ఆచారమే మరి. దుఃఖంలో కూర్చున్న మనిషి ముందు నోరు తెరవాలి. ఆ మనిషి తెరిచేదాకా, ఓదార్చడానికి వచ్చినవాడు ఎంతటివాడైనా నోరు తెరవకూడదు. క్షమించమని అడగడానికి కూడా. చెప్పడానికి మూడు నెలల టైము ఉన్నప్పుడు చెప్పని మాటలన్నీ ఆ గంటలో ఒక్కొక్కరి గొంతులో అడ్డం పడ్డాయి. అందరూ ఆమె పెదవుల కేసి చూస్తూ నిలబడ్డారు.

హెన్యా నోరు తెరవలేదు.